గేర్‌బాక్స్‌కి మోటారు బిగించే ముందు

పాత కారు ఇంజిన్ దించడం ఒక పూట పని. బ్యాటరీలు సర్దడం ఓపికుంటే అయిపోయే పని. ఎలక్ట్రిక్‌గా మార్చాలనుకునేవాళ్లు దెబ్బతినేది గేర్‌బాక్స్ మూతి దగ్గర.

మా మొదటి బండి మారుతి 800. బెల్ హౌసింగ్ (ఇంజిన్‌కి ఆనుకునే గేర్‌బాక్స్ మూతి) మీద అట్ట పెట్టి అచ్చు తీసి, దాని ప్రకారం మోటారుని దానికి కలిపే అల్యూమినియం ప్లేటు కోయించాం. బోల్టులన్నీ హాయిగా పడ్డాయి. చంద్రగిరి అవతల తెలిసినాయన మామిడితోట బాటలో తిప్పుతుంటే కింద సన్నగా ఈల మొదలైంది. మోటారు శబ్దమేలే అనుకున్నాం. వారం తర్వాత విప్పితే, మోటారు షాఫ్టునీ గేర్‌బాక్స్ ఇన్‌పుట్ షాఫ్టునీ కలిపే కప్లర్ లోపల ఇటుక పొడిలాంటి ఎర్రటి దుమ్ము. నీళ్లు తగిలి పట్టిన తుప్పు కాదది, స్ప్లైన్లు (షాఫ్టు మీది నిలువు పళ్లు) ఒకదాన్నొకటి రాచుకుని రాలిన ఇనుప రజను. ఇన్‌పుట్ షాఫ్ట్ బేరింగ్ అప్పటికే గరగరమంటోంది.

రేణిగుంట రోడ్డులో లేత్ పనిచేసే పెద్దాయనకి ప్లేటు చూపిస్తే ఒకటే మాటన్నాడు: "బోల్టు పడితే సెంటర్ కుదిరినట్టు గాదు నైనా, పిన్ను పడాల."

బోల్టు బెజ్జం ఎప్పుడూ బోల్టు కంటే కాస్త వదులుగానే ఉంటుంది. ఇంజిన్‌నీ గేర్‌బాక్స్‌నీ ఒకే గీత మీద నిలబెట్టేవి, బెజ్జంలో సందు లేకుండా కూర్చునే డవల్ పిన్నులు. మీ ప్లేటుకీ అవే కావాలి. ముందు ప్లేటు, మోటారు పైపైన బిగించి, డయల్ గేజ్‌ని (వెంట్రుకవాసి తేడానీ చూపే కొలత పరికరం) మోటారు షాఫ్టుకి పట్టించి, సూదిని బెల్ హౌసింగ్ లోపలి గుండ్రానికి ఆనించి, షాఫ్టుని చేత్తో ఒక చుట్టు తిప్పండి. సూది మొత్తం ఎంత కదిలిందో అందులో సగం సెంటర్ తేడా. అంటే గేజ్ 0.10 మిల్లీమీటర్లు చూపిస్తే తేడా 0.05. మేం అంతకు మించి ఒప్పుకోం. సూదిని బెల్ హౌసింగ్ ముఖం మీద కూడా ఆనించి చూడాలి, లేకపోతే సెంటర్ కుదిరినా మోటారు ఒక పక్కకి వాలి ఉండొచ్చు. ఇదంతా సరిపోయాకే బోల్టులు పూర్తిగా బిగించి, పిన్ను బెజ్జాలకి రీమర్ (బెజ్జాన్ని కచ్చితమైన సైజుకి తెచ్చే పనిముట్టు) వేయించాలి. ముందే పిన్నులు దింపేసి తర్వాత సెంటర్ వెతుక్కోవడం ఎద్దుకి ముందు బండి కట్టడమే.

ఇంజిన్ దించే రోజు మర్చిపోకూడనివి రెండున్నాయి. దించకముందే ఇంజిన్ ఎటు తిరుగుతోందో చూసి చాక్‌పీసుతో బాణం గీయండి, రేపు మోటారు కూడా అటే తిరగాలి. దించగానే ఫ్లైవీల్ ముఖానికీ, బెల్ హౌసింగ్ కూర్చునే అంచుకీ మధ్య దూరం వర్నియర్‌తో కొలిచి రాసిపెట్టుకోండి. ప్లేటు మందం, కప్లర్ పొడవు ఈ ఒక్క కొలత మీదే ఆధారపడతాయి. ఇంజిన్ పాత ఇనుముకి అమ్మేశాక గుర్తొస్తే ఇక ఆ కొట్టు చుట్టూ తిరగడమే. దించేటప్పుడు గేర్‌బాక్స్ కింద జాకీ, స్టాండు తప్పనిసరి. దాని బరువు ఒక్క క్షణమైనా ఇన్‌పుట్ షాఫ్ట్ మీద వేలాడకూడదు.

క్లచ్ ఉంచాలా తీసేయాలా? నేనైతే తీసేసి, క్లచ్ ప్లేటు నడుమ ఉండే స్ప్రింగుల హబ్‌ని మాత్రం కప్లర్‌లో వాడుకుంటాను. మోటారు సున్నా వేగం నుంచే పూర్తి బలంతో తోస్తుంది, ఆ కుదుపుని ఆ స్ప్రింగులు కొంత తింటాయి. ఉంచుకుంటామంటే ఒక సంగతి చూసుకోవాలి. పెడల్ తొక్కిన ప్రతిసారీ ఫ్లైవీల్ మీద మోటారు వైపు నెట్టే బలం పడుతుంది. ఇంజిన్‌లో అయితే దాన్ని థ్రస్ట్ వాషర్లు మోస్తాయి. మోటారు బేరింగ్ ఆ నెట్టుడుకి తగినదో కాదో అమ్మినవాళ్లని అడక్కుండా క్లచ్ పెట్టకండి. క్లచ్ తీసేస్తే గేరు మార్చేటప్పుడు తొందర పనికిరాదు, మోటారు రోటర్ బరువంతా సింక్రోల (గేర్ల వేగాలు కలిపే రింగులు) మీద పడుతుంది.

మొదటిసారి తిప్పేటప్పుడు ముందు చక్రాలు రెండూ గాల్లో ఉండాలి, జాకీ మీద కాదు, స్టాండ్ల మీద. ఒక్క చక్రమే లేపితే డిఫరెన్షియల్ వల్ల అది రెట్టింపు వేగంతో తిరుగుతుంది, లేదా నేల మీదున్న చక్రం బండిని దూకించేస్తుంది. న్యూట్రల్‌లో యాక్సిలరేటర్ నొక్కి సరదా పడొద్దు. పాత ఫోర్క్‌లిఫ్ట్ నుంచి తీసిన సిరీస్ డీసీ మోటారైతే మరీను. లోడు లేకుండా పూర్తి వోల్టేజీ ఇస్తే వేగం పెరుగుతూనే పోయి, లోపలి చుట్టలు విడిపోయేదాకా ఆగదు. మోటారుకి కరెంటు అందించే కంట్రోలర్‌లో ఆర్‌పీఎం హద్దు పెట్టాకే మిగతా పని.

బ్యాటరీ ప్యాక్ 60 వోల్టులు దాటిందంటే అది ప్రాణం తీసే డీసీ కిందే లెక్క. మే నెలలో తిరుపతిలో చెమట ఎలా కారుతుందో మీకు చెప్పక్కర్లేదు, తడి చేతికి కరెంటు ఇంకా సులువుగా ఎక్కుతుంది. ఉంగరం, వాచీ, చేతికి కట్టిన కంకణం తీసి పక్కన పెట్టండి. ఇంట్లో వాడే ఏసీ ఎంసీబీ ఇక్కడ నమ్మదగింది కాదు, ఫ్యూజు, కాంటాక్టర్ (ప్యాక్ సప్లైని కలిపి తెంచే పెద్ద స్విచ్) రెండూ డీసీ రేటింగ్‌వే ఉండాలి. కంట్రోలర్ కెపాసిటర్లని ముందు మెల్లగా నింపే ప్రీచార్జ్ రెసిస్టర్ లేకుండా కాంటాక్టర్ వేస్తే లోపలి కాంటాక్టులు అతుక్కుపోవచ్చు, ఇక తాళం తీసినా సప్లై ఆగదు. ప్యాక్ విడదీశాక కూడా కంట్రోలర్ కెపాసిటర్లలో చార్జి మిగిలి ఉంటుంది. మల్టీమీటర్ పెట్టి చూడకుండా వైరు ముట్టుకోకండి.

కాగితాల సంగతి క్లుప్తంగా: మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 కిందికి ఈ మార్పు వస్తుంది. ఇలాంటి మార్పిడి కిట్ల ప్రమాణమైన ఏఐఎస్-123 ప్రకారం ఆమోదం పొందిన కిట్ బిగించి, ఆర్‌సీలో మార్పు చేయించాకే రోడ్డెక్కాలి. అందాకా మామిడితోటే మీ ట్రాకు.

ఇక్కడ బండి చేసుకున్నవాళ్లెవరైనా ఎప్పుడో ఒకప్పుడు తిరుమల కొండెక్కుతారు కాబట్టి ఘాట్ గురించి ఇప్పుడే ఆలోచించండి. టన్ను బరువున్న కారుని 700 మీటర్లు పైకి లేపడానికే దాదాపు 2 యూనిట్లు కావాలి, టైర్ల రాపిడి, మోటారు వేడి అదనం. ఊళ్లో మూడో గేరులో వదిలేసినా చాలు. ఎక్కేటప్పుడు మాత్రం రెండులో నడపండి, అదే బలం తక్కువ కరెంటుతో వస్తుంది, మోటారు ఉడికిపోదు. మోటారు కొనేటప్పుడు చూడాల్సింది కూడా గరిష్ఠ కిలోవాట్లు కాదు, ఆగకుండా ఎంత ఇవ్వగలదో ఆ అంకె.

దిగడమే అసలు టెన్షన్. దిగే రోడ్డు 1944 నాటిది, పైకెళ్లే దానికంటే ముప్పై ఏళ్లు పాతది, మెలికలు ఎక్కువ. పెడల్ తేలిగ్గా దిగేలా చేసే బ్రేక్ బూస్టర్‌కి వ్యాక్యూమ్ ఇచ్చింది ఇంజినే, అది పోయింది. ఎలక్ట్రిక్ వ్యాక్యూమ్ పంపు, దానికో చిన్న ట్యాంకు లేకపోతే రెండు మూడు తొక్కుళ్లకే పెడల్ రాయిలా బిగుసుకుంటుంది. రీజెన్ (మోటారే జనరేటర్‌లా మారి, బండిని నెమ్మదింపజేస్తూ బ్యాటరీని నింపడం) ఉంది కదా అంటారు. రాత్రి తిరుమలలో బ్యాటరీ నిండా చార్జి పెట్టి పొద్దున్నే దిగితే రీజెన్ వెళ్లడానికి చోటేదీ? పైన చార్జి పెడితే ఎనభై శాతం దగ్గర ఆపేయండి. న్యూట్రల్ వేసి జారొద్దు, గేరులో లేకపోతే మోటారుకీ చక్రాలకీ సంబంధమే ఉండదు. పంపు పనిచేస్తోందో లేదో అలిపిరి టోల్‌గేటుకి ముందే, బండి ఆపి, పెడల్ నాలుగుసార్లు తొక్కి, చెవి పెట్టి వినండి.