ఇంట్లోంచి విమానం – 5వ పాఠం: మనం వేసిన రూటు, వాళ్లిచ్చిన రూటు

కిందటి పాఠం హోంవర్క్‌కి శ్రీకాకుళం నుంచి ఒక కుర్రాడు రాసిన జవాబుతోనే మొదలుపెడతాను. ‘మేష్టారూ, హైదరాబాద్ నుంచి వైజాగ్‌కి 320 లెవెల్‌లో ప్లాన్ వేశాను. గీత తిన్నగా ఉంది, దూరం కలిసొచ్చింది. వాట్సిమ్‌లో డెలివరీ ఆయన రూటూ మార్చాడు, ఎత్తూ మార్చాడు. నేనేసిన దాన్లో తప్పేటండి?’

కొత్తవాళ్లకి ఒక్క మాట: వాట్సిమ్ అంటే ఇంట్లో సిమ్యులేటర్ మీద విమానం నడిపేవాళ్లూ, కంట్రోలర్లుగా కూర్చునేవాళ్లూ ఇంటర్నెట్‌లో కలిసే చోటు. డెలివరీ అంటే బయల్దేరే ముందు రూటుకి అనుమతి, అంటే క్లియరెన్సు, ఇచ్చే కంట్రోలర్. 320 లెవెల్ అంటే 32,000 అడుగుల ఎత్తు. రూటు సంగతి ముందు చూద్దాం. విజయనగరం నుంచి శ్రీకాకుళం రైల్లో వెళ్తే చీపురుపల్లి, పొందూరు తగుల్తాయి. బస్సయితే నాతవలస దగ్గర హైవే ఎక్కి రణస్థలం మీదుగా పోతుంది. ఇవాళ అడ్డదారిన పోతే రెండు కిలోమీటర్లు కలిసొస్తాయని డ్రైవరు బండి తిప్పేస్తే రణస్థలంలో నిలబడ్డ జనం గతేంటి? ఆకాశంలో అలా నిలబడి ఉండేవాడు తర్వాతి కంట్రోలర్. విమానం ఫలానా పాయింటు దగ్గర, ఫలానా ఎత్తులో తన చేతికొస్తుందని అప్పగించే కంట్రోలర్‌కీ అందుకునే కంట్రోలర్‌కీ మధ్య ముందే ఒప్పందం ఉంటుంది. మన తిన్నటి గీత ఆ పాయింటుని తాకకపోతే డెలివరీలో కూర్చున్నాయన తాకేలా మారుస్తాడు. అంతేగానీ రూటు ఆయన సొంతంగా అల్లడు.

ఆయన మొదట చూసేది గాలి. శంషాబాద్‌లో గాలి తూర్పు నుంచి వీస్తే తూర్పు ముఖంగా ఎగిరే ‘09’ రన్‌వేలు, పడమర నుంచి వీస్తే పడమటి ముఖంగా ఎగిరే ‘27’ రన్‌వేలు. రన్‌వేని బట్టి సిడ్, అంటే టేకాఫ్ తర్వాత ఎయిర్‌వే (ఆకాశంలో ముందే గీసిపెట్టిన దారి) దాకా తీసుకెళ్లే, చార్టులో అచ్చేసిన దారి, తేలిపోతుంది. ఆ సిడ్ ఎక్కడ ఆగుతుందో మీ రూటు అక్కడ మొదలవ్వాలి. కొత్తవాళ్ల ప్లాన్లు ఎక్కువగా తెగేది ఇక్కడే.

ఇక ఎత్తు. తూర్పు దిక్కుగా, అంటే 0 నుంచి 179 డిగ్రీల మధ్య వెళ్లేవాళ్లకి బేసి లెవెళ్లు: 290, 310, 330 (చివరి సున్నా వదిలేసి చూడండి: 29, 31, 33). పడమటి దిక్కుగా, 180 నుంచి 359 దాకా వెళ్లేవాళ్లకి సరి లెవెళ్లు. హైదరాబాద్ నుంచి వైజాగ్ దాదాపు నికార్సైన తూర్పు. మనవాడు 320 అడిగాడు, అంటే ఎదురొచ్చేవాళ్ల వరసలో దూరాడు. కాబట్టి తప్పేటంటే, అదీ తప్పు.

డెలివరీలో ఎవరూ లేకపోతే గ్రౌండ్‌ని (నేలమీద కదలికలు చూసేవాడు) అడగాలి, గ్రౌండూ లేకపోతే టవర్‌ని (రన్‌వే చూసేవాడు), తర్వాత అప్రోచ్‌ని (ఎయిర్‌పోర్టు చుట్టుపక్కల ఆకాశం), చివరికి సెంటర్‌ని (ఆపైన దూరపు ఆకాశం). పైవాడు కిందివాడి పని కూడా చూసుకుంటాడు. ఎవరూ లేకపోతే 122.800 ఫ్రీక్వెన్సీలో మీ కదలికలు మీరే చెప్పుకుంటూ పోవడమే.

ఇప్పుడు డెలివరీ చదివే క్లియరెన్సు రాసుకోవడానికి కాగితం తీయండి. ఫోన్‌లో టైప్ చేయకండి, అందదు. నిలువుగా ఐదు అక్షరాలు రాసుకోండి: సి, ఆర్, ఏ, ఎఫ్, టి. సి పక్కన ఎక్కడిదాకా అనుమతి. ఆర్ పక్కన సిడ్, రూటు. ఏ పక్కన మొదట ఎక్కి ఆగాల్సిన ఎత్తు. ప్లాన్‌లో ఉన్న క్రూయిజ్ లెవెల్ (దారి పొడవునా ఉండే ఎత్తు) వేరు, ఇది వేరు. రెండూ కలిపేసుకుని టేకాఫ్ కాగానే నేరుగా 33,000 అడుగులకి ఎక్కేసేవాళ్లున్నారు. ఎఫ్ పక్కన టేకాఫ్ తర్వాత పిలవాల్సిన ఫ్రీక్వెన్సీ. టి పక్కన స్క్వాక్, అంటే రాడార్ మీద మిమ్మల్ని గుర్తుపట్టే కోడ్, నాలుగంకెలు. స్క్వాక్‌లో 0 నుంచి 7 దాకానే ఉంటాయి. మీరు రాసుకున్నదాంట్లో 8 గానీ 9 గానీ ఉంటే తప్పు విన్నట్టే, మళ్లీ అడగండి.

రూటు మారితే ఆయన ముందు ‘అమెండెడ్ రూట్, అడ్వైజ్ రెడీ టు కాపీ’ (రూటు మారింది, రాసుకోవడానికి సిద్ధమైతే చెప్పండి) అంటాడు. పెన్ను చేతిలో లేకపోతే ‘స్టాండ్‌బై’ (కాస్త ఆగండి) అనండి, సిగ్గేమీ లేదు. పాయింటు పేరు అందకపోతే అక్షరం అక్షరం చెప్పమనండి. ఇప్పుడు నా పాత తప్పొకటి. ఒకసారి మారిన రూటు గడగడా తిరిగి చదివాను. ‘రీడ్‌బ్యాక్ కరెక్ట్’ అన్నారు. సంబరంగా టేకాఫ్ చేసి, సిడ్ దాటగానే పాత దారిలోకి తిరిగాను. ‘ఎక్కడికండీ?’ అని సెంటర్‌లో ఉన్నాయన అడిగేదాకా తెలియలేదు. కంట్రోలర్ మార్చింది తన తెరమీది స్ట్రిప్‌లోనే (మన విమానం వివరాలుండే చీటీ). అది మీ కాక్‌పిట్‌లోకి దానంతటదే రాదు, ఎఫ్‌ఎంసీలో (విమానానికి దారి చూపే కంప్యూటర్) మీరే కొట్టుకోవాలి. కొట్టాక బోయింగ్‌లో లెగ్స్ పేజీ, ఎయిర్‌బస్‌లో ఫ్లైట్ ప్లాన్ పేజీ తెరిచి ఒక్కో పాయింటూ కిందికి జరుపుతూ చూడండి. మధ్యలో ‘డిస్కంటిన్యుటీ’ కనిపిస్తే దారి అక్కడ తెగిందన్నమాట.

కొట్టిన పేరు డేటాబేస్‌లో లేదంటోందా? నావిగేషన్ డేటా 28 రోజులకోసారి మారుతుంది, మీది పాతదై ఉండొచ్చు. అందుకే ఈ పాఠంలో పాయింట్ల పేర్లు రాయలేదు, అవి తాజా చార్టులోనే చూసుకోవాలి. కంట్రోలర్‌కి ‘అనేబుల్’ (నావల్ల కాదు) అని చెప్పి, మీ దగ్గర ఉన్న పాయింటేదో చెప్పండి. లేదా వెక్టర్లు (ఏ దిక్కుకి తిరగాలో ఆయనే చెప్పడం) ఇమ్మనండి. తెలిసినట్టు నటించడం కంటే ఇదే నయం, గాల్లో మిమ్మల్ని వెతుక్కునే పని ఆయనకి తప్పుతుంది.

అట్లాంటిక్ దాటే ‘క్రాస్ ది పాండ్’ లాంటి పెద్ద ఈవెంట్లలో ఈ బేరమంతా ఉండదు. స్లాటూ (బయల్దేరే టైము) రూటూ ముందే చేతికొస్తాయి. అవి మనకింకా దూరం.

ఈ వారం పని. వాట్సిమ్‌లో అబ్జర్వర్‌గా చేరి ఒక గంటసేపు డెలివరీ ఫ్రీక్వెన్సీ వినండి. మాట్లాడొద్దు. మూడు క్లియరెన్సులు ఐదు గీతల్లో రాసుకోండి. తర్వాత వైజాగ్ నుంచి హైదరాబాద్‌కి మీ ప్లాన్ వేసి పంపండి. అందులో క్రూయిజ్ 330 అని కనిపిస్తే మిగతాది చదవకుండానే వెనక్కి పంపేస్తాను.