ఇంట్లో హాప్స్ పెంపకం: దుంప నాటడం నుంచి బీరు కాచేదాకా

బీరులోని చేదుకూ, దాని సువాసనకూ మూలం హాప్ పువ్వులో దాగి ఉండే పసుపుపచ్చని జిగురు పొడి. లేత ఆకుపచ్చ రేకులు పొలుసుల్లా ఒకదానిమీద ఒకటి కప్పుకొని, చూడటానికి సరుగుడు కాయలా ఉండే ఆ పువ్వును గోటితో నిలువునా చీల్చి చూస్తే, రేకుల మొదళ్ల దగ్గర పుప్పొడిని పోలిన సన్నని రేణువులు మెరుస్తూ కనిపిస్తాయి. దీన్నే లుపులిన్ అంటారు. చేదునిచ్చే ఆల్ఫా ఆమ్లాలూ, వాసననిచ్చే తైలాలూ ఉండేది ప్రధానంగా ఇందులోనే. కాబట్టి మొక్కను ఎంచుకోవడం మొదలు ఎండిన పువ్వును ఫ్రీజర్‌లో పెట్టేదాకా మనం చేసే పనులన్నీ ఈ పొడి పుష్కలంగా పుట్టడానికీ, పుట్టినది చెడిపోకుండా ఉండటానికీ చేసేవే. హాప్ తీగను పెంచడం కష్టమని చాలామంది అనుకుంటారు. నా అనుభవంలో తీగ దానంతట అదే ఉత్సాహంగా పెరుగుతుంది; నష్టం జరిగేదల్లా పంట చేతికి వచ్చే చివరి రెండు వారాల్లోనే.

హాప్ మొక్కల్లో ఆడ మొక్క వేరు, మగ మొక్క వేరు. మనకు కావలసిన పువ్వులు ఆడ మొక్కకే వస్తాయి. దగ్గరలో మగ మొక్క ఉంటే గాలికి పుప్పొడి చేరి పువ్వులో గింజలు కడతాయి, అలాంటి పువ్వులను బీరు తయారీలో ఇష్టపడరు. విత్తనం నుంచి పెంచితే మొలిచేది ఆడో మగో ముందుగా తెలియదు, తల్లి మొక్క గుణాలు అలాగే వస్తాయన్న నమ్మకమూ లేదు. అందుకే రకం పేరు స్పష్టంగా తెలిసిన ఆడ మొక్క దుంపవేరును గాని, దాని కొమ్మ నుంచి వేరు పోయించిన మొక్కను గాని తెచ్చుకోవాలి. మొదటిసారి పెంచేవారికి నేను కాస్కేడ్ రకాన్నే సూచిస్తాను. 1972లో అమెరికాలో విడుదలైన ఈ రకం నిమ్మజాతి పండ్ల వాసనతో, బలమైన తీగతో, మంచి దిగుబడితో రకరకాల వాతావరణాలకు సర్దుకుపోతుంది. చినూక్, నగ్గెట్, సెంటెనియల్ రకాలు చేదు ఎక్కువగా కావలసినవారికి బాగుంటాయి. జాట్స్, హాలర్‌టావ్ వంటి పాత ఐరోపా రకాల సువాసన ఎంత సున్నితమో వాటి స్వభావమూ అంతే. దిగుబడి తక్కువ, ఓపిక ఎక్కువ కావాలి.

మొక్క కొనకముందే చూసుకోవలసింది పగటి నిడివి. ప్రపంచంలో హాప్స్ సాగు ఎక్కువగా భూమధ్యరేఖకు ఉత్తరాన, దక్షిణాన 35 నుంచి 55 డిగ్రీల అక్షాంశాల మధ్యే జరుగుతుంది. వేసవిలో అక్కడి పగళ్లు చాలా దీర్ఘంగా ఉండటంతో తీగ ఏపుగా పైకి పాకి, ఆ తర్వాత పగలు తగ్గుముఖం పట్టగానే పూతకు వస్తుంది. చలికాలంలో పైభాగమంతా ఎండిపోయి, భూమిలోని దుంప విశ్రాంతి తీసుకుంటుంది. భూమధ్యరేఖకు దగ్గరి ప్రాంతాలలో పగలు ఎప్పుడూ 12, 13 గంటలకు అటూ ఇటూగానే ఉండటం వల్ల తీగ ఎదగకముందే పూతకు వచ్చి, పొట్టిగా మిగిలి, కొద్దిపాటి పువ్వులతో సరిపెడుతుంది. అటువంటి చోట సాయంత్రం పూట దీపాలు పెట్టి పగటిని పొడిగించి, తీగ ఎదిగాక వాటిని ఆపి పూతకు వదలాలి. ఆ శ్రమకు సిద్ధపడకపోతే పంట మీద పెద్దగా ఆశ పెట్టుకోకూడదు.

నాటే చోట రోజుకు కనీసం 6 నుంచి 8 గంటలు నేరుగా ఎండ పడాలి, నీరు నిలవకూడదు, నేల పీహెచ్ 6 నుంచి 7 మధ్య ఉండాలి. మంచు పడే కాలం దాటాక, వసంతంలో, అడుగు లోతు గుంత తవ్వి బాగా చివికిన కంపోస్టు కలిపిన మట్టితో నింపి, దుంపవేరును అందులో అడ్డంగా, మొలక కళ్లు పైకి ఉండేలా పరచి, పైన 5 సెంటీమీటర్ల మట్టి కప్పాలి. ఒకే రకం మొక్కల మధ్య ఒక మీటరు, వేరువేరు రకాల మధ్య అంతకు రెట్టింపు దూరం వదలాలి. లేకపోతే రెండో ఏటికే వేర్లు, తీగలు కలిసిపోయి ఏ పువ్వు ఏ రకానిదో పోల్చుకోలేము. నేల లేనివారు కనీసం 50 లీటర్ల తొట్టిలో పెంచుకోవచ్చు, దిగుబడి మాత్రం తగ్గుతుంది.

తోటల్లో పందిరి సుమారు 5.5 మీటర్ల ఎత్తున ఉంటుంది. ఇంటి దగ్గర 4 మీటర్లున్నా సరిపోతుంది. ఎండ పడే గోడ పైనుంచో, గట్టిగా పాతిన స్తంభం పైనుంచో కొబ్బరి పీచు తాడును నేలదాకా బిగించి కట్టాలి. నునుపైన ప్లాస్టిక్ తాడు ఎంత గట్టిదైనా పనికిరాదు, ఎందుకంటే హాప్ తీగకు నులితీగలు ఉండవు. కాండం మీది కొక్కెం వంటి గరుకు నూగుతో ఆధారాన్ని పట్టుకొని, పైనుంచి చూస్తే గడియారం ముల్లు తిరిగే దిశలో చుట్టుకుంటూ ఎక్కుతుంది. పైకి పాకించేటప్పుడు మనమూ అదే దిశలో చుట్టాలి, ఎదురు దిశలో చుడితే తెల్లవారేసరికి విడిపోయి ఉంటుంది. ఆ నూగు చర్మానికి ఒరుసుకుంటే దద్దుర్లు వస్తాయి గనుక పొడుగు చేతుల చొక్కా, చేతి తొడుగులు వేసుకోవడం మంచిది.

వేళ్లూనిన దుంప నుంచి వసంతంలో పదుల సంఖ్యలో పిలకలు పొడుచుకొస్తాయి. అన్నిటినీ వదిలితే పొద పెరుగుతుంది, పువ్వులు సరిగా రావు. పిలకలు అడుగు ఎత్తుకు వచ్చినప్పుడు తాడుకు రెండు, మూడు చొప్పున ఆరోగ్యంగా ఉన్నవాటిని ఎంచి పాకించి, మిగతావాటిని మొదలంటా కోసేయాలి. (కోసిన లేత పిలకలను కూరగా వండుకోవచ్చు, రుచిగా ఉంటాయి.) మొదటి ఏడాది మాత్రం ఈ కోత వద్దు. ఆ ఏడాదంతా వేరు బలపడటానికే. ఎన్ని ఆకులుంటే దుంపకు అంత ఆహారం చేరుతుంది కాబట్టి వచ్చిన పిలకలన్నిటినీ పెరగనిచ్చి, గుప్పెడు పువ్వులు వస్తే చాలని సంతోషపడాలి. పూర్తి దిగుబడి మూడో ఏటికి గాని రాదు. అప్పటినుంచి ఒక్కో మొక్క నుంచి అర కిలో, బాగా కుదిరితే కిలో దాకా ఎండు పువ్వులు దొరుకుతాయి.

వేసవి నడిమికాలంలో కొన్ని రోజులు తీగ రోజుకు 30 సెంటీమీటర్ల దాకా పెరుగుతుంది. ఆ దశలో దానికి నీరూ, నత్రజనీ ఎక్కువగా కావాలి. పూత మొదలయ్యాక నత్రజని ఆపేయాలి. నీరు మొక్క మొదలు దగ్గరే పోయాలి గాని ఆకులను తడపకూడదు. తడిసిన ఆకు బూజు తెగులుకు తలుపు తీసినట్టే. తీగ పందిరిని అందుకున్నాక అడుగునుంచి మీటరు ఎత్తు వరకు ఆకులు తుంచేస్తే గాలి ఆడి, మట్టి చిందినా తెగులు పైకి పాకదు. గిడసబారి, పాలిపోయి, ఆకులు కిందికి ముడుచుకొన్న పిలక కనిపిస్తే అది బూజు తెగులు సోకినదే. వెంటనే పీకి పారేయాలి, కంపోస్టు గుంతలో వేయకూడదు. పొడి వేడిలో ఎర్రనల్లి, చల్లదనంలో పేనుబంక వస్తాయి. ఆకు అడుగుభాగాన్ని నీటి ధారతో కడగడం వాటికి తొలి మందు. పువ్వులు ఏర్పడ్డాక ఏ మందూ చల్లవద్దని నా గట్టి సలహా, ఎందుకంటే ఆ పువ్వులను మనం కడగకుండానే బీరులో వేస్తాం.

ఇక కోత. ఉత్తరార్ధగోళంలో ఆగస్టు చివర, సెప్టెంబరులోనూ, దక్షిణార్ధగోళంలో ఫిబ్రవరి, మార్చిలోనూ పువ్వులు పక్వానికి వస్తాయి. పక్వానికి రాని పువ్వును నొక్కితే మెత్తగా, తడిగా నొక్కుకుపోయి అలాగే ఉండిపోతుంది. పండినది కాగితంలా గలగలలాడుతూ, వేళ్లు తీయగానే మళ్లీ విచ్చుకుంటుంది. లోపలి లుపులిన్ లేత పసుపు నుంచి ముదురు పసుపుకు మారుతుంది, నలిపి వాసన చూస్తే పచ్చగడ్డి వాసన పోయి ఆ రకానికి చెందిన ఘాటు తెలుస్తుంది. లుపులిన్ నారింజ, గోధుమ రంగుకు తిరిగిందంటే అదను దాటిపోయినట్టే. చేతి అంచనా మీద నమ్మకం కుదరనివారు తక్కెడను ఆశ్రయించాలి. 100 గ్రాముల పచ్చి పువ్వులను బరువు ఇక తగ్గని స్థితి వచ్చేదాకా ఓవెన్‌లో పూర్తిగా ఎండబెట్టి తూచినప్పుడు 22 నుంచి 24 గ్రాములు మిగిలితే కోయవచ్చు, 20 కన్నా తక్కువైతే ఇంకా కొన్ని రోజులు ఆగాలి. ఒకే తీగ మీద పైపువ్వులు ముందు పండుతాయి కాబట్టి ఇంటి పెంపకంలో రెండు, మూడు విడతలుగా కోయడమే మేలు.

కోసిన పువ్వులో సుమారు నాలుగింట మూడు వంతులకు పైగా నీరే. కుప్పపోస్తే కొద్ది గంటల్లోనే వేడెక్కి మగ్గిపోతాయి. నేను మొదటి పంటను ఒక లోతైన అట్టపెట్టెలో నింపి, మరునాడు ఆరబెడదామని పక్కన పెట్టాను. పొద్దున చెయ్యి పెట్టి చూస్తే నడుమ భాగం వెచ్చగా, గోధుమ రంగుకు తిరిగి, తడి గడ్డివాము వాసన కొట్టింది. రెండేళ్ల ఎదురుచూపు అలా పోయినందుకు కలిగిన బాధ ఇప్పటికీ గుర్తుంది. కోసిన వెంటనే జాలీ బిగించిన చట్రాల మీద పలచగా పరచి, చీకటిగా ఉండే పొడి గదిలో ఫ్యాను గాలికి ఆరబెట్టాలి. ఎండలో పెట్టకూడదు. వేడి గాలి వాడితే 50 డిగ్రీల సెల్సియస్ లోపే ఉంచాలి, 60 దాటితే తైలాలు ఎగిరిపోతాయి. రేకులు తొందరగా ఎండుతాయి గాని నడిమి ఈనె అంత త్వరగా ఎండదు, అందువల్ల పైకి ఎండినట్టు కనిపించే పువ్వును నమ్మకూడదు. ఈనెను వంచితే వంగకుండా పుటుక్కున విరగాలి. దీనికీ లెక్క ఉంది. కిలో పచ్చి పువ్వుల్లో 22 శాతం ఘనపదార్థం ఉందనుకుంటే అది 220 గ్రాములు. 10 శాతం తేమ మిగలాలంటే 220ని 0.9తో భాగించగా వచ్చే సుమారు 245 గ్రాముల దగ్గర ఆరబెట్టడం ఆపాలి.

ఎండిన పువ్వుకు శత్రువులు గాలి, వెలుతురు, వేడి. అవి తగిలితే ఆల్ఫా ఆమ్లాలు తరిగిపోయి, పాత జున్ను వాసన మొదలవుతుంది. 50 గ్రాముల చొప్పున చిన్న సంచుల్లో నింపి, వాక్యూమ్ సీలు వేసి, రకమూ కోసిన తేదీ రాసి ఫ్రీజర్‌లో పెట్టాలి. ఇంట్లో కుక్క ఉంటే పచ్చివైనా, ఎండినవైనా, బీరు కాచాక మిగిలిన పిప్పి అయినా దానికి అందకుండా చూడాలి. హాప్స్ తిన్న కుక్కలకు ఒళ్లు ప్రమాదకరంగా వేడెక్కి ప్రాణం మీదికి వస్తుంది. తీగను మాత్రం కోత అయిన వెంటనే నేలమట్టంగా నరకకూడదు. అడుగున రెండు, మూడు అడుగులు ఉంచి, అది తనంతట ఎండిపోయాక తీసేస్తే ఆకుల్లోని ఆహారం దుంపకు చేరుతుంది.

కొన్న హాప్స్ పొట్లం మీద ఆల్ఫా ఆమ్లాల శాతం ఉంటుంది, మన పెరటి పువ్వుకు ఆ లెక్క ఉండదు. 20 లీటర్ల బీరులో 6 శాతం ఆల్ఫా ఉన్న హాప్స్ 30 గ్రాములు వేసి గంటసేపు మరిగిస్తే, ఆ ఆల్ఫా ఆమ్లాల్లో నాలుగో వంతు కరుగుతుందనుకుంటే చేదు సుమారు 22 ఐబీయూ (బీరు చేదును కొలిచే ప్రమాణం) వస్తుంది. అదే పువ్వులో నిజానికి ఉన్నది 4 శాతమైతే 15, 8 శాతమైతే 30 అవుతుంది. తాగేవారికి ఆ తేడా స్పష్టంగా తెలుస్తుంది. అందువల్ల మరిగే మొదట్లో చేదు కోసం శాతం తెలిసిన కొన్న హాప్స్ వేసి, ఇంటి పువ్వులను చివరి పది నిమిషాల్లోనో, పొయ్యి ఆపాకో, పులిసిన తర్వాత డ్రై హాపింగ్‌కో (అంటే మరిగించకుండా బీరులోనే నానబెట్టడానికో) వాడటమే సరైన పద్ధతి. అప్పుడు చేదు అదుపులో ఉంటుంది, మన తోటలోని సువాసన బీరులోకి నిండుగా దిగుతుంది. ఆరబెట్టకుండా పచ్చివే వాడాలనుకుంటే, కోసిన 24 గంటల లోపు, ఎండువాటి బరువుకు ఐదు రెట్లు వేయాలి. ఆ రోజుకు మాల్ట్ (మొలకెత్తించి ఆరబెట్టిన బార్లీ), నీళ్లు, పాత్రలు అన్నీ సిద్ధం చేసుకొని, పొయ్యి వెలిగించాకే తీగ దగ్గరికి వెళ్లాలి.