థ్రిల్లర్ మనల్ని ఎక్కడ పట్టుకుంటుందో తెలుసుకోవాలంటే

కొత్త పుస్తకం వద్దు, ఇదివరకు ఆపకుండా చదివేసిన థ్రిల్లర్‌నే మళ్లీ తీయండి. చేతిలో పెన్సిల్ ఉంచుకోండి. మొదటిసారి చదివేటప్పుడు కథ లాక్కుపోతుంది, ఏదీ గమనించనివ్వదు.

నేను నల్లగొండ నుంచి ఎల్బీనగర్‌కు బస్సులో పోతూ చదువుతాను. నార్కట్‌పల్లిలో హైవే ఎక్కాక చిట్యాల, చౌటుప్పల్ ఎప్పుడు దాటామో తెలియనివ్వని పేజీలు కొన్ని ఉంటాయి. అలాంటి చోటల్లా పేజీ అంచున గీత పెట్టండి.

ఇప్పుడు అసలు పని. గీత పడిన ప్రతిచోటా చూడండి, మనకు తెలిసి ఆ పాత్రకు తెలియనిది ఏముందో. దర్శకుడు హిచ్‌కాక్ దీన్ని బాంబుతో వివరించాడు. ఇద్దరు మాట్లాడుకుంటున్న బల్ల కింద బాంబు ఉన్నట్టుండి పేలితే ప్రేక్షకుడికి దక్కేది 15 సెకన్ల ఉలికిపాటు. బాంబు ఉందని ముందే చూపిస్తే 15 నిమిషాల టెన్షన్. మన క్లాక్ టవర్ దగ్గరి హోటల్లో అన్నదమ్ములిద్దరు చాయ్ తాగుతూ చెల్లె పెళ్లి ఖర్చులు లెక్కేసుకుంటున్నారనుకోండి. వెనక బెంచీ మీద కూర్చున్నవాడు ఎందుకొచ్చాడో మనకు మాత్రమే తెలుసు. ఇక ఫంక్షన్ హాల్ కిరాయి గురించి వాళ్లు మాట్లాడే ప్రతి మాటా మనల్ని కుదురుగా కూర్చోనివ్వదు. "లేవరాదే అన్నా" అని లోపల్లోపల అరుస్తుంటాం. థ్రిల్లర్‌లో నాకు అన్నిటికన్నా ఇష్టమైనది ఈ అరుపే.

అధ్యాయాల చివరి వాక్యాలు కూడా వరసగా చదవండి. బాగా అమ్ముడయ్యే థ్రిల్లర్లలో చాలావాటికి అధ్యాయాలు చిన్నవి, తలుపు తెరుచుకోగానే ఆగిపోతాయి. వారపత్రికల సీరియల్ కోసం వారమంతా ఎదురుచూసిన మన అమ్మలకు ఈ కిటుకు బాగా తెలుసు.

ముగింపు తెలిస్తే మజా పోతుందనే భయం అక్కర్లేదు. శాన్ డియాగోలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ పరిశోధకులు 2011లో ప్రచురించిన అధ్యయనంలో, ముగింపు ముందే చెప్పేసిన కథలే పాఠకులకు కాస్త ఎక్కువ నచ్చాయి. అందుకే రెండోసారి కూడా గుండె దడదడలాడిన గీతల పక్కన టిక్ పెట్టండి. చప్పగా అనిపించినచోట ఉన్నది మలుపు ఒక్కటే.

వీటిని 'టైంపాస్ పుస్తకాలు' అని తీసేయడం నాకు నచ్చదు. అలసిపోయి బస్సెక్కిన మనిషిని నిద్రపోనివ్వకుండా చదివించడం చిన్న విద్య కాదు. టిక్కులు ఎక్కువ పడ్డ పుస్తకాన్ని దగ్గరివాళ్లకు ఇవ్వండి, గీతలు మాత్రం ముందే చెరిపేయండి. ఎక్కడ ఆపలేకపోయారో వాళ్లనే చెప్పనివ్వాలి.