బండ్లు షెడ్డుకే అంకితమవుతున్నాయా? సొంత మెకానిక్‌ని పెట్టుకునే ముందు ఇవి చూడండి

వైజాగ్ కంచరపాలెంలో మాది కిరాణా సరుకుల హోల్‌సేల్, చిన్న ట్రక్కులు నాలుగు. భీమిలి, గాజువాక వైపు రోజూ, అరకుకి వారానికి రెండు ట్రిప్పులు తిరుగుతాయి. రిపేర్లు బయట చేయించాలా, మనిషిని పెట్టుకుని మనమే చేసుకోవాలా అని చాలామంది అడుగుతుంటారు. అన్ని పనులకీ ఒకటే జవాబు ఉండదు, బండి ఏం ఇబ్బంది పెడుతోందో దాన్నిబట్టి చూడాలి.

డబ్బు పెడుతున్నా అదే కంప్లైంట్ మళ్ళీ వస్తోంది

భీమిలి రూట్ బండి పొద్దున్నే స్టార్ట్ అవ్వలేదు. షెడ్డుకి పంపితే కొత్త బ్యాటరీ వేశారు. పది రోజులకి మళ్ళీ అదే గొడవ, ఈసారి సెల్ఫ్ మోటర్ విప్పారు. చివరికి చూస్తే ఎర్త్ వైరు బిగించిన చోట ఉప్పు గాలికి తుప్పు పట్టి కరెంటు సరిగ్గా పారడం లేదు. అంటే రెండు బిల్లులూ దండగే. తప్పు మెకానిక్ ఒక్కడిదే అనను, డ్రైవర్ "స్టార్ట్ అవట్లేదండి" అని ఒక్క ముక్క చెప్పి తాళం ఇచ్చేశాడు, మేమూ ఇంకేం అడగలేదు.

ఇది ఇంట్లోనే చూసుకోవాల్సిన పని. ఒక మల్టీమీటర్ కొనండి. రాత్రంతా ఆగి ఉన్న బండి బ్యాటరీ 12.6 వోల్టుల దగ్గర ఉంటే నిండుగా ఉన్నట్టే. ఇంజన్ నడుస్తుండగా దాదాపు 13.8 నుంచి 14.5 మధ్య చూపించాలి, 13 కూడా దాటకపోతే ఛార్జింగ్ వైపు అనుమానించాలి. బీచ్ రోడ్డు మీద, ఫిషింగ్ హార్బర్ దగ్గర తిరిగే బండ్లకి నెలకోసారి టెర్మినల్స్ విప్పి, వేడి నీళ్ళలో వంట సోడా కలిపి కడిగి, బాగా ఆరాక బిగించి పైన వాజలైన్ రాయాలి. విప్పేటప్పుడు నెగెటివ్ ముందు, బిగించేటప్పుడు అదే చివర.

షెడ్డుకి పంపేటప్పుడు కిలోమీటర్లు, కంప్లైంట్ ఎప్పుడు వస్తోంది, చల్లగా ఉన్నప్పుడా వేడెక్కాకా, ఇవన్నీ బండికొక నోట్‌బుక్‌లో రాసి పంపండి. మార్చిన పాత పార్టు వెనక్కి ఇవ్వమని అడగండి.

ఘాట్ దిగేటప్పుడు బ్రేక్ పెడల్ మెత్తబడుతోంది

దీని దగ్గర మాత్రం ప్రయోగాలు వద్దు. అనంతగిరి ఘాట్‌లో లోడుతో దిగుతూ బ్రేక్ మీదే కాలు పెట్టి ఉంచితే లైనింగులు వేడెక్కి పట్టు తగ్గుతుంది. బ్రేక్ ఆయిల్ గాల్లో తేమని పీల్చుకుంటుంది కాబట్టి పాతబడ్డ ఆయిల్ ఆ వేడికి మరిగి పెడల్ లోపలికి పోతుంది. మన వైజాగ్ గాల్లో తేమకేం కొదవ? మీరు చేయాల్సింది డ్రైవర్‌కి తక్కువ గేర్‌లో దిగడం నేర్పడం, ఆయిల్ మట్టం చూడడం, రెండేళ్ళకోసారి ఆయిల్ మార్పించడం. లైనింగులు, సిలిండర్లు, బ్రేక్ పైపుల్లో చేరిన ఎయిర్ తీయడం లాంటివి పనితెలిసిన షెడ్డుకే వదిలేయండి. పెడల్ మెత్తబడిన బండిని నడిపించుకుంటూ షెడ్డుకి తీసుకెళ్ళొద్దు, లాగించండి.

మెకానిక్‌ని పెట్టుకున్నా బయటి బిల్లులు తగ్గలేదు

మేమూ పెట్టి చూశాం. లెక్క ముందే వేసుకుని ఉండాల్సింది. బండి రోజుకి 80 కిలోమీటర్ల చొప్పున 25 రోజులు తిరిగితే నెలకి 2,000. పది వేలకోసారి ఆయిల్ సర్వీస్ అనుకుంటే ఒక్కో బండికి అయిదు నెలలకోసారి, నాలుగింటికీ కలిపి నెలకి ఒక్క సర్వీస్ కూడా పడదు. ఆ మనిషి ఖాళీగా కూర్చుంటాడు, క్లచ్ పోయినా, స్కానర్ పెట్టి చూడాల్సిన సెన్సర్ పోయినా మళ్ళీ ఆటోనగర్‌కే పంపాలి. జీతానికి జీతం, బిల్లుకి బిల్లు. ఇప్పుడు మేం డ్రైవర్లలో చేతిపని వచ్చిన ఒకతనికి నెలకి కొంత అదనంగా ఇచ్చి రోజువారీ చెకింగ్ అప్పగించాం: టైర్లలో గాలి, ఆయిల్, కూలెంట్, బెల్టు, లైట్లు. టైరు ఒకవైపే అరుగుతోందని అతను చెప్తే అలైన్‌మెంట్‌కి బయటికి పంపుతాం.

చిన్న పనికి బండి మూడు రోజులు షెడ్డులో ఉంటోంది

చాలాసార్లు పని గంటదే, ఆలస్యం పార్టుది. బండి విప్పాక స్పేర్స్ కోసం తిరగడం మొదలుపెడతారు. ఫిల్టర్లు, ఫ్యాన్ బెల్టు, ఫ్యూజులు, బల్బులు గోడౌన్‌లోనే పెట్టుకోండి.

బీఎస్ 6 డీజిల్ బండిలో ఎగ్జాస్ట్ ఫిల్టర్ లైటు వెలుగుతోంది

బీఎస్ 6 అంటే పొగ కాలుష్యం మీద ఇప్పుడున్న ప్రమాణం. ఊళ్ళో ఆగుతూ పోతూ దగ్గర దూరాలే తిరిగితే పొగ గొట్టంలోని ఫిల్టర్‌లో మసి కాలక పేరుకుపోతుంది. లైటు నిలకడగా ఉంటే మాన్యువల్‌లో చెప్పిన పద్ధతిలో హైవే మీద ఒకే వేగంతో కాసేపు నడపాలి, మేం గాజువాక నుంచి అనకాపల్లి దాకా వెళ్ళొస్తాం. ఇంజన్ లైటు కూడా తోడై బండి లాగడం మానేస్తే కంపెనీ సర్వీస్ సెంటర్‌కే పోవాలి. ఫిల్టర్ పీకేస్తే సరిపోతుందని ఎవరైనా అంటే ఒప్పుకోకండి, అది చట్టవిరుద్ధం, పైగా ఆర్టీవో ఫిట్‌నెస్ పరీక్షలో బండి పాసవ్వకపోవచ్చు.