నవరాత్రులకు ప్రొజెక్టర్ పెడుతున్నారా? బొమ్మ సాగకుండా ముందే చూసుకోండి

వినాయక చవితి దగ్గరపడితే హైదరాబాద్‌లో ఏ కాలనీ కమిటీ గ్రూపులో చూసినా పందిరి, మైకులు, ప్రసాదాల వంతుల మధ్యలో ఎవరో ఒకరు "ఈసారి ప్రొజెక్టర్ కూడా పెడదాం" అంటారు. పిల్లల డాన్సులు, లడ్డూ వేలం లైవ్, ఒక రాత్రి పాత సినిమా, మధ్యలో మ్యాచ్ ఉంటే అదీ. అద్దెకు తెచ్చి, కేబుల్ గుచ్చి, తెర నిండా బొమ్మ పడితే పని అయిపోయిందనుకుంటారు. కానీ తెర నిండినంత మాత్రాన బొమ్మ సరిగ్గా ఉన్నట్టు కాదు. 4:3 (వెడల్పు 4 పాళ్లు, ఎత్తు 3 పాళ్లు) వీడియోను 16:9 తెర నిండా సాగదీస్తే ప్రతి మనిషీ మూడో వంతు వెడల్పెక్కుతాడు. నెల రోజులు ప్రాక్టీస్ చేసిన పిల్లను అందరి ముందు అలా చూపించడం నాకైతే అన్యాయమనిపిస్తుంది.

అద్దెకు తెచ్చేటప్పుడే అడగాల్సిన మాట ఒకటుంది: దీని నేటివ్ రిజల్యూషన్ (మెషీన్‌లో నిజంగా ఉన్న చుక్కల, అంటే పిక్సెళ్ల లెక్క) ఎంత? 1024×768 అంటే 4:3, 1280×800 అంటే 16:10, 1920×1080 అంటే 16:9. "1080పీ సపోర్ట్ చేస్తుంది" అనే జవాబు సరిపోదు, చిన్న ప్రొజెక్టర్లు చాలావరకు అంత సిగ్నల్ తీసుకుని లోపల కుదించి తక్కువ పిక్సెళ్లతోనే చూపిస్తాయి. మీరు చూపించేది ఎక్కువగా ఇప్పటి వీడియోలే అయితే 16:9 తీసుకోండి, 4:3 మెషీన్ మీద అవి వేస్తే ఎత్తులో పావు భాగం ఖాళీగానే పోతుంది. తెర గుడ్డ కుట్టించేది కూడా ఆ కొలత తెలిశాకే. 100 అంగుళాల తెర (మూల నుంచి మూలకు కొలత) 16:9లో దాదాపు 87 అంగుళాల వెడల్పు, 49 అంగుళాల ఎత్తు ఉంటుంది, అదే 100 అంగుళాలు 4:3లో 80కి 60.

ఇక రిమోట్‌లో ఆస్పెక్ట్ అని ఉండే బటన్ (కొన్నిట్లో మెనూ లోపల పిక్చర్ సెట్టింగుల్లో ఉంటుంది). పేర్లు కంపెనీని బట్టి మారతాయి కానీ చేసే పనులు కొన్నే. ఆటో లేదా నార్మల్ పెడితే వచ్చిన బొమ్మ ఆకారం మార్చకుండా, అవసరమైన చోట నల్ల పట్టీలు వదులుతుంది. ఫుల్ పెడితే ఏదొచ్చినా తెర మొత్తానికి సాగదీస్తుంది. జూమ్ ఆకారం చెడగొట్టదు గానీ అంచులు కోసేస్తుంది, మ్యాచ్‌లో కింద స్కోరు, సినిమాలో సబ్‌టైటిల్స్ పోయేది అక్కడే. నా మాట వింటే ఆటోలో ఉంచండి, ఆటో ఆకారాన్ని తప్పుగా గుర్తిస్తే మాత్రమే 16:9 అనో 4:3 అనో చేత్తో ఎంచుకోండి, ఫుల్ జోలికి వెళ్లకండి. నల్ల పట్టీలు కనిపించగానే "బొమ్మ చిన్నగా వస్తోంది, పెద్దది చెయ్యి" అని వెనక నుంచి ఎవరో ఒకరు అరుస్తారు, అది లోపం కాదని కమిటీ వాళ్లకు ముందు రోజే చెప్పి ఉంచండి.

సినిమా వేస్తుంటే అది ఏ కాలం నాటిదో చూడండి. తెలుగులో తొలి సినిమాస్కోప్ (బాగా వెడల్పాటి బొమ్మ) చిత్రం 1974లో వచ్చిన అల్లూరి సీతారామరాజు. అంతకు ముందువి దాదాపు 4:3కి దగ్గరగా ఉంటాయి కాబట్టి 16:9 తెర మీద రెండు పక్కలా పట్టీలు రావడమే సరైనది. స్కోప్ సినిమాకు పట్టీలు పైనా కిందా వస్తాయి, వాటిని జూమ్‌తో పోగొట్టాలని చూస్తే వెడల్పులో పావు వంతు పోతుంది, ఇద్దరు ఎదురెదురుగా మాట్లాడుకునే సీన్‌లో ఒకరి ముఖం సగమే మిగులుతుంది.

ఫోన్‌తో నిలువుగా తీసిన వీడియోలకు ఇంకా జాగ్రత్త కావాలి. ఖైరతాబాద్ గణపతి అంత ఎత్తున ఉంటాడు గనుక అందరూ నిలువుగానే తీస్తారు. 16:9 తెర మీద అది మూడో వంతు వెడల్పు కూడా ఆక్రమించదు, అలాగే వదిలేయండి. జూమ్ చేస్తే కిరీటమైనా పోతుంది, పాదాలైనా పోతాయి. డాన్సులు తీసే తల్లిదండ్రులకు మాత్రం ఫోన్ అడ్డంగా పట్టుకోమని ఇప్పుడే మెసేజ్ పెట్టండి.

అసలు తలనొప్పి ఎక్కువగా వచ్చేది రెండు చోట్ల ఆకారం మారినప్పుడు. సెట్‌టాప్ బాక్స్ ఒకసారి సాగదీసి పంపుతుంది, దాన్ని ప్రొజెక్టర్‌లో సరిచేయాలని ఎంత తిప్పినా కుదరదు. ముందు బాక్స్‌లో టీవీ ఆకారం ప్రొజెక్టర్‌కు తగ్గట్టు పెట్టి, ఆ తర్వాతే ప్రొజెక్టర్ రిమోట్ ముట్టుకోండి. ల్యాప్‌టాప్ అయితే విండోస్ బటన్, పీ కలిపి నొక్కి ఎక్స్‌టెండ్ (ప్రొజెక్టర్‌ను విడి తెరగా వాడటం) ఎంచుకోండి. డూప్లికేట్‌లో (రెంటి మీదా ఒకే బొమ్మ) రెండు తెరలకూ ఒకే రిజల్యూషన్ వాడాల్సి వస్తుంది, ఎక్స్‌టెండ్‌లో ప్రొజెక్టర్‌కు దాని నేటివ్ రిజల్యూషన్ విడిగా ఇవ్వొచ్చు. పాత వీజీఏ కేబుల్‌తో 1366×768 పంపితే కొన్ని ప్రొజెక్టర్లు దాన్ని 1024×768 అనుకుంటాయి, మనుషులు సన్నగా, పొడుగ్గా కనిపిస్తే ముందు అదే అనుమానించండి. హెచ్‌డీఎంఐ కేబుల్ పొడుగుది కోఠి గుజరాతీ గల్లీలో ముందే కొనిపెట్టుకుంటే ఆఖరి నిమిషం టెన్షన్ ఉండదు.

మండపంలో మధ్య స్థలం దేవుడిదే కాబట్టి ప్రొజెక్టర్‌ను ఏదో మూలన వంకరగా పెట్టి కీస్టోన్‌తో (వంకర బొమ్మను సరిచేసే సెట్టింగ్) లాగేస్తుంటారు. కీస్టోన్ కొంచెం వాడితే పర్వాలేదు, ఎక్కువైతే పిక్సెళ్లు పోతాయి, ఆకారం కూడా నిలవదు. స్టాండ్ ఎత్తు పెంచి తెరకు ఎదురుగా తేవడమే మేలు. వాన పడి మెషీన్‌ను లోపలికి జరిపితే మళ్లీ మొదటి నుంచి చూసుకోవాల్సిందే.

కంటి అంచనాను నమ్మకండి. పవర్‌పాయింట్‌లో షిఫ్ట్ నొక్కి పట్టుకుని ఒక పెద్ద గుండ్రం గీసి తెర మీద వేయండి, టేపుతో అడ్డంగా, నిలువుగా కొలవండి. రెండూ సమానంగా రాకపోతే ఎక్కడో సాగుతోందన్నమాట. సెట్‌టాప్ బాక్స్‌తో ఈ పరీక్ష కుదరదు, అక్కడ ఛానెల్ లోగో గుండ్రంగా ఉందో లేదో చూడండి.

చాలా ప్రొజెక్టర్లు ఆస్పెక్ట్‌ను ఒక్కో ఇన్‌పుట్‌కు విడిగా గుర్తుపెట్టుకుంటాయి. అంటే ల్యాప్‌టాప్‌కు సరిచేసి, వేలం కోసం కెమెరా ఉన్న రెండో ఇన్‌పుట్‌కు మార్చగానే అక్కడ పాత ఫుల్ ఉండొచ్చు. ముందు రోజు సాయంత్రమే అన్ని ఇన్‌పుట్‌లూ ఒక్కొక్కటిగా తిప్పి చూడండి, షో నడిచినంతసేపూ రిమోట్ ఒక్క మనిషి చేతిలోనే ఉంచండి.