ఉద్యోగం చేస్తూ పొడుల వ్యాపారం: టైమ్ ఎక్కడ పోతోంది, ఎలా దక్కించుకోవాలి

నేను ఒక ప్రైవేటు కంపెనీలో అకౌంట్స్ చూస్తాను. నాలుగేళ్లుగా మియాపూర్‌లోని మా ఇంట్లోనే కందిపొడి, కరివేపాకు పొడి, నల్లకారం చేసి అమ్ముతున్నాను. వేసవిలో ఆవకాయ పెడతాను. మొదటి ఏడాది టైమ్ చాలక తెల్లవారుజామున నాలుగింటికి లేవడం మొదలుపెట్టాను. పది రోజులకే జ్వరం వచ్చి మంచం పట్టాను. టైమ్ లేదనే మాట వెనక నాలుగైదు వేరువేరు కారణాలుంటాయి. మీది ఏదో తెలుసుకోకుండా నాలుగింటికి లేస్తే నిద్ర పోతుందే తప్ప పని తెమలదు.

సమస్య: ఆఫీసు నుంచి వచ్చాక పొయ్యి వెలిగించే ఓపిక ఉండటం లేదు

పొడి కొట్టడం అరగంట పని అనుకుంటాం. కానీ పప్పు దోరగా వేగేదాకా పొయ్యి దగ్గర నుంచి కదలకూడదు. వేగాక పూర్తిగా చల్లారాలి. వేడి మీద మిక్సీ వేస్తే ఆవిరి పట్టి పొడి ఉండకడుతుంది, ఎక్కువ రోజులు నిలవుండదు. ఆ తర్వాత జల్లించడం, గిన్నెలు కడగడం. రాత్రి ఎనిమిదింటికి మొదలుపెడితే పదకొండవుతుంది. అది తెలిసే ఒంట్లో నుంచి "రేపు చూద్దాంలే" అనిపిస్తుంది. బద్ధకం అనుకుని మిమ్మల్ని మీరు తిట్టుకోకండి. ఆ పని సాయంత్రం చేసేది కాదు, అంతే.

పనిని మూడుగా విడగొట్టండి: దగ్గరుండి చేయాల్సినవి, చేతులు ఆడితే చాలనిపించేవి, మనం లేకపోయినా జరిగిపోయేవి. ఈ మూడో రకం చాలామంది పట్టించుకోరు. నేను గురువారం రాత్రి కరివేపాకు కడిగి, పాత కాటన్ చీర మీద పలచగా పరిచి ఫ్యాను కింద వదిలేస్తాను. శనివారం పొద్దున చేత్తో తాకితే గలగలమంటుంది. ఆకులో తడి లేదు కాబట్టి వేయించే టైమ్ సగానికి తగ్గుతుంది. శుక్రవారం రాత్రి టీవీ ముందు కూర్చుని ఎండుమిరపకాయల తొడిమలు తీస్తాను, చింతపండులో గింజలు, పీచు ఏరతాను. ఇక శనివారం ఆరింటికి వేయించడం మొదలు. అవి చల్లారేలోపు ఇంట్లోవాళ్ల టిఫిన్. పదకొండున్నరకల్లా మిక్సీ కడిగి బోర్లించేస్తాను.

సమస్య: రోజంతా ఫోన్‌లోనే ఉంటున్నాను, ఆఫీసులో మాట పడుతున్నాను

ఒక వారం పాటు వచ్చిన ప్రతి మెసేజ్‌కీ చీటీ మీద గీత పెట్టాను. 74 వచ్చాయి, అందులో ఆర్డర్లు 9. మిగతావన్నీ ఆ నాలుగైదు ప్రశ్నలే. కిలో ఎంత, వెల్లుల్లి వేస్తారా, ఎన్నాళ్లు నిలవుంటుంది, ఎప్పుడు పంపుతారు, కొరియర్ ఛార్జీ ఎంత. ధర, తేదీ ఎక్కడా రాసి పెట్టలేదు కాబట్టి ప్రతిసారీ నేనే చెప్పాల్సి వచ్చింది. తప్పు నాదే, అడిగేవాళ్లది కాదు.

వాట్సాప్ బిజినెస్‌లో కేటలాగ్ పెట్టి ప్రతి పొడి కింద ఈ ఐదింటికీ జవాబులు రాశాను. ఆఫీసు వేళల్లో దానంతటదే వెళ్లే మెసేజ్ పెట్టాను: "సాయంత్రం 7 తర్వాత చూసి జవాబిస్తానండీ. ఆర్డర్లు బుధవారం రాత్రి వరకే." తిరుగు ప్రయాణంలో మెట్రోలో కూర్చున్నప్పుడు అన్నిటికీ ఒకేసారి జవాబిస్తాను. బుధవారం గడువు పెడితే కొనేవాళ్లు పోతారని భయపడ్డాను. ఒక్కరూ పోలేదు. ఆఫీసు లాప్‌టాప్‌లో మాత్రం వ్యాపారం ఫైలు ఒక్కటి కూడా పెట్టకండి. జీతం ఇచ్చేవాళ్ల టైమ్ వాళ్లదే.

సమస్య: ఆర్డర్లు పెరిగాయి, చేతిలో ఏమీ మిగలడం లేదు

మన గంటలకు మనం ధర కట్టం. అదొక్కటే కారణం. మినపసున్నుండలు, చెక్కలు, జంతికలతో కలిపి ఒక దశలో నా దగ్గర పదకొండు రకాలు ఉండేవి. ఒక ఆదివారం కాగితం తీసుకుని లెక్క వేశాను. కందిపొడి నాలుగు కిలోలు, కిలో 600 చొప్పున 2,400 రూపాయలు. సరుకులు, కరెంటు, ప్యాకెట్లు పోను మిగిలింది 1,400. బజారు నుంచి ప్యాకింగ్ దాకా ఏడు గంటలు పట్టింది. గంటకు 200. సున్నుండలకు అదే లెక్క వేస్తే గంటకు 70 రూపాయలు కూడా రాలేదు. ఒక్కోటీ చేత్తో చుట్టాలి కదా.

మర్నాడే పదకొండింటిని నాలుగుకు తగ్గించాను. సున్నుండలు సంక్రాంతికి మాత్రమే, అవీ ముందు డబ్బు కట్టినవాళ్లకే. మీరు బ్లౌజులు కుట్టినా, ట్యూషన్లు చెప్పినా ఈ లెక్క ఒక్కసారి వేసి చూడండి. ఏది మానేయాలో కాగితమే చెబుతుంది.

సమస్య: నెలలో కొన్ని వారాలు రెండు పనులూ ఒకేసారి మీద పడుతున్నాయి

ఇది అనుకోకుండా వచ్చేది కాదు, ముందే తెలిసేది. మా ఆఫీసులో 7వ తేదీకి టీడీఎస్ (జీతాలు, బిల్లుల్లో ముందే పట్టుకున్న పన్ను) కట్టాలి, 11కి జీఎస్టీఆర్-1 (అమ్మకాల వివరాల జీఎస్టీ రిటర్ను), 20కి త్రీబీ (జీఎస్టీ కట్టే రిటర్ను). నెలాఖరున పద్దులు ముగించాలి. ఇవన్నీ తెలిసీ నేను ప్రతి వారం ఆర్డర్లు తీసుకునేదాన్ని. ఇప్పుడు నెలకు రెండు విడతలే: 11 దాటాక వచ్చే శనివారం, 20 దాటాక వచ్చే శనివారం. మార్చిలో అసలు లేదు. మీ ఆఫీసులో ఊపిరాడని తేదీలు ఏవో ముందు క్యాలెండర్ మీద కొట్టేయండి, మిగిలిన చోటే వ్యాపారం.

ఆవకాయ దగ్గర ఇంకో లెక్క ఉంది. మొదటి ఏడాది ఆదివారం కాయ తెచ్చి 20 కిలోలు కలిపాను. మూడో రోజు తిరగకలపాలి, అది మంగళవారం పడింది. సరిగ్గా ఆఫీసులో రిటర్ను వేసే రోజు. రాత్రి పదింటికి ఇల్లు చేరి జాడీ మూత తీస్తే నూనె పైకి తేలలేదు, పై ముక్కలు పొడిగా ఉన్నాయి. ఆ వేళ గానుగ నూనె ఎక్కడ దొరుకుతుంది? పొద్దున్నే కొట్టు తీసేదాకా నిద్ర పట్టలేదు. ఇప్పుడు మే నెలలో ఒక శుక్రవారానికి మార్చిలోనే సెలవు పెట్టేస్తాను. శుక్రవారం కలిపితే మూడో రోజు ఆదివారం అవుతుంది. ఉప్పు చూసుకోవచ్చు, నూనె పోసుకోవచ్చు. కాయ బజార్లోనే కొట్టించుకోండి. కత్తిపీటతో ఇంట్లో కుస్తీ పట్టొద్దు. జీడి తీయడం, లోపలి పొర తీసి పొడిగుడ్డతో తుడవడం, వీటికే ఇద్దరు మనుషులు కావాలి.

సమస్య: ఇంట్లో చిరాకులు

"ఏమ్మా, ఇవాళైనా రెండు లోపు అన్నం పెడతావా?" అని మా అత్తయ్య అడిగినప్పుడు మొదట బాధపడ్డాను. తర్వాత ఆలోచిస్తే ఆవిడ అడిగింది సబబే. వంటిల్లు ఎప్పుడు ఖాళీ అవుతుందో నేను ఎవరికీ చెప్పలేదు. ఇంట్లోవాళ్లకు నా పని కంటే అది ఎప్పుడు ముగుస్తుందో తెలియకపోవడమే కష్టంగా ఉంది.

శనివారం 12 గంటలకు వంటిల్లు ఆవిడకు అప్పజెబుతాను. ఆ మాట ఇప్పటిదాకా తప్పలేదు. ఇంటి గ్యాస్ సిలిండర్ వ్యాపారానికి వాడకూడదు కాబట్టి బాల్కనీ పక్కన ఇండక్షన్ పొయ్యి పెట్టుకున్నాను. దాంతో వంటపొయ్యి కోసం పోటీ కూడా తగ్గింది. ప్రతి విడతలో ఉప్పూకారం చూసి సరేననేది అత్తయ్యే. నెలకు ఆవిడ చేతిలో ఇంత అని పెడతాను. మొదట వద్దన్నారు. ఇప్పుడు "ఈసారి మిరప ఘాటు తక్కువ, చూసి కొను" అని ఆవిడే చెబుతున్నారు.

సమస్య: ఆఫీసులో తెలిస్తే ఏమవుతుందోనని భయం

భయంతో దాచుకుంటూ చేసే పనికి రెండింతల టైమ్ పడుతుంది. అపాయింట్‌మెంట్ లెటర్ తీసి చదవండి. వేరే పని చేయకూడదనే షరతు ఉంటే హెచ్ఆర్‌ని రాతపూర్వకంగా అడగండి. ప్రభుత్వ ఉద్యోగులైతే ముందస్తు అనుమతి లేకుండా వ్యాపారం చేయకూడదని కండక్ట్ రూల్స్ చెబుతున్నాయి. ఆహార పదార్థాలు అమ్మేవాళ్లకు ఎఫ్ఎస్ఎస్ఏఐ (కేంద్ర ఆహార భద్రతా సంస్థ) రిజిస్ట్రేషన్ ఉండాలి, ఆ 14 అంకెల నంబరు ప్యాకెట్ మీద ఉండాలి.

చాలామందికి తెలియని సంగతి ఇంకొకటి. సరుకు వేరే రాష్ట్రానికి అమ్మితే టర్నోవర్ ఎంత తక్కువైనా జీఎస్టీ రిజిస్ట్రేషన్ తీసుకోవాలి. 2014 తర్వాత హైదరాబాద్ నుంచి విజయవాడకు పంపినా అది వేరే రాష్ట్రమే. రిజిస్ట్రేషన్ తీసుకుంటే రిటర్నులు వేయాలి, వాటికీ టైమ్ కావాలి. అందుకే మొదటి రెండేళ్లు నేను తెలంగాణ దాటి అమ్మలేదు. గుంటూరులో మా పిన్ని అడిగితే ఊరెళ్లినప్పుడు ఊరికే ఇచ్చి వచ్చాను.

సమస్య: ఇవన్నీ చేసినా కుదరడం లేదు

పిల్లల పరీక్షలు, ఇంట్లో అనారోగ్యం, ఆఫీసులో ఆడిట్. కొన్ని నెలలు నిజంగానే కుదరదు. అప్పుడు సగం సగం చేస్తే పొడి మాడుతుంది, రుచి పోతుంది, పేరు పోతుంది. పోయినేడు మా అమ్మ ఆపరేషన్ అప్పుడు ఆరు వారాలు ఆపేశాను. తీసుకున్న అడ్వాన్సులు ఆ రాత్రే వెనక్కి పంపి, అందరికీ ఒకే మెసేజ్ పెట్టాను: "అమ్మకు ఒంట్లో బాగాలేదండీ. వచ్చే నెల 12 తర్వాత మళ్లీ మొదలుపెడతాను." చెప్పిన తేదీకి కేటలాగ్ తెరిచాను. ఆ బుధవారం గడువు లోపలే పదమూడు ఆర్డర్లు వచ్చాయి. అందులో నలుగురు ముందుగా అడిగింది అమ్మ ఎలా ఉన్నారని.