మన గల్లీలో ఓ తిక్క సూపర్‌హీరో: ఎనిమిది పేజీల కామిక్ సొంతంగా చేసుకోవడం ఎలా

సూపర్‌హీరో అనగానే చాలామంది ముందు డ్రెస్సు గీసేసి తర్వాత కథ వెతుక్కుంటారు, మామూలు గల్లీలో ఒక్క వింత జరిగే ఈ టైప్ కామిక్‌కి అది వర్కౌట్ అవ్వదు. ముందు ఒక ఏరియా పట్టుకోండి. నేనైతే హైదరాబాద్‌లో అఫ్జల్‌గంజ్ దగ్గర మూసీ ఒడ్డు తీసుకుంటా, ఎందుకంటే అక్కడ వింతని మనం పుట్టించక్కర్లేదు, ఆల్రెడీ ఉంది. 1908 సెప్టెంబర్ వరదలో ఒక చింతచెట్టు ఎక్కి దాదాపు 150 మంది ప్రాణాలు దక్కించుకున్నారు, ఆ చెట్టు ఉస్మానియా హాస్పిటల్ ఆవరణలో ఉంది. దీనికి ఒక్క అబద్ధం కలపండి: ఆ రోజు ఎక్కినవాళ్లలో ఒకడు ఇంకా దిగలేదు.

హీరో పవర్ కాకుండా ఇలాంటిది ఒక్కటే కలపాలి. రెండోది కలిపితే చందమామ కథ అయిపోతుంది, మిగతాదంతా పచ్చి నిజంలా ఉండాలి.

ఇక హీరో. పవర్ ఎంత చిన్నదైతే, ఎంత ఇబ్బంది పెట్టేదైతే అంత మంచిది. వాటర్ ట్యాంకర్ డ్రైవర్ యాదగిరి అనుకుందాం, చెయ్యి తడిస్తే చాలు ఆ నీళ్లు ఏ దారిన వచ్చాయో అక్కడి మాటలన్నీ వినపడతాయి. అపార్ట్‌మెంట్ సంపులో చెయ్యి పెడితే మెయింటెనెన్స్ గొడవలు, స్నానం చేద్దామంటే నరకం, బోరు నీళ్లు మాత్రం గప్‌చుప్, అందుకే పాపం వాటితోనే పోసుకుంటాడు. ఓ రాత్రి వాన పడుతుంటే ఆ చెట్టు కింద నిలబడతాడు, ఆకుల మీంచి చుక్క చేతి మీద పడుతుంది, పైనున్నోడి గొంతు వినపడుతుంది.

ఇక్కడ కథలో ఎవరూ ఆశ్చర్యపోకూడదు, అసలు కిటుకు అదే. పక్కనున్నోడు ఓ మాటంటాడు, యాదగిరి జవాబిస్తాడు:

"యాదన్నా, చెట్టు మీదోడు చాయ్ అడుగుతున్నడు."
"పైసలెవరిస్తరంట?"

ఇలా రాస్తే చదివేవాడు నవ్వుతాడు, నమ్మేస్తాడు కూడా. అదే "అయ్యో దేవుడా, ఇదేం మాయ" అని రాశారో, అయిపోయింది.

గీసే ముందు ఆ రోడ్డు మీద పగలోసారి రాత్రోసారి తిరిగి ఫోటోలు తీసుకోండి, కరెంటు తీగలు, షట్టర్లు, తెలుగు ఉర్దూ బోర్డులు, ట్యాంకర్ వెనక కారే పైపు. వీటికి దట్టంగా నల్ల ఇంకు వాడండి, చెట్టు మీద మనిషిని మాత్రం నీడ లేకుండా సన్న గీతతో వదిలెయ్యండి. కలర్ ఖర్చు లేకుండానే తేడా తెలిసిపోతుంది.

రెండు ఎ4 షీట్లు మధ్యకి మడిస్తే ఎనిమిది ఎ5 పేజీలొస్తాయి, మొదటిదే కవర్. మడతలో 4, 5 పేజీలు ఒకే షీటు మీద పక్కపక్కన పడతాయి కాబట్టి చెట్టంతా అక్కడ పరిచెయ్యండి. మూడో పేజీ ఆఖరి ప్యానెల్లో (బొమ్మ గడిలో) యాదగిరి తలెత్తి చూడాలి, పేజీ తిప్పగానే చెట్టు. మిగతా పేజీలకి నాలుగైదు ప్యానెల్స్ చాలు, ఎ5లో అంతకంటే ఎక్కువైతే ఇరుకు.

తెలుగు లెటరింగ్, అంటే బొమ్మల్లో మాటలు పెట్టడం దగ్గరే చాలామంది దెబ్బతింటారు. బెలూన్ (మాటల బుడగ) ముందు గీసి మాటలు అందులో కుక్కుతారు, మన మాటలేమో పొడుగు, పైన గుడులు కింద వత్తులు, లైన్లు ఒకదానికొకటి తగులుకుంటాయి. అందుకే ముందు మాటలు టైప్ చేసి, లైన్ల మధ్య గ్యాప్ పెంచి, ఆ తర్వాత చుట్టూ బెలూన్ గీయండి. యూనికోడ్ ఫాంటే వాడండి, గూగుల్ ఫాంట్స్‌లో మండలి, రామభద్ర ఫ్రీగా దొరుకుతాయి, చేతిరాతలా కావాలంటే లక్కిరెడ్డి ఉంది. పాత ఫోటోషాప్‌లో వత్తులు విడిపోతుంటే సెట్టింగ్స్‌లో టైప్ దగ్గర వరల్డ్-రెడీ లేఅవుట్ ఆన్ చెయ్యాలి, ఆ తలనొప్పి వద్దనుకుంటే ఇంక్‌స్కేప్ అనే డ్రాయింగ్ సాఫ్ట్‌వేర్ ఫ్రీ, తెలుగు సరిగ్గానే చూపిస్తుంది.

స్కాన్ 300 డీపీఐకి (అంగుళానికి చుక్కలు) తగ్గొద్దు. జిరాక్స్ మిషన్ కాగితం అంచు దాకా ప్రింట్ చెయ్యదు కాబట్టి చుట్టూ సెంటీమీటర్ తెల్లగా వదలండి. పేజీలు పెట్టే వరస (ఎడమ-కుడి): మొదటి షీటు ముందు 8-1, వెనక 2-7, రెండో షీటు ముందు 6-3, వెనక 4-5. ఒక్క కాపీ తీసి మడిచి చూశాకే మిగతావి తీయించండి. మామూలు స్టేప్లర్ మడత దాకా అందదు, దాన్ని విప్పదీసి కింద థర్మాకోల్ ముక్క పెట్టి మడత మీద రెండు పిన్నులు కొట్టి, వెనక్కి తిప్పి పిన్ను కాళ్లు స్కేలుతో వంచెయ్యండి.